ఆలోచన కోసం ఒక పిల్లరు

మూడో అంతస్తు బాల్కనీ నుంచి మొదటి అంతస్తు బాల్కనీకి ఒక సంచి దిగుతుంది. నీలం గుడ్డ సంచి, దానికి బట్టలారేసుకునే నైలాను తాడు. పైన తాడు పట్టుకునేది అత్తగారు, కింద సంచి అందుకునేది కోడలు. మధ్యలో రెండో అంతస్తువాళ్లు పాపం ఆరేళ్లుగా తమ కిటికీ ముందు ఎక్కి దిగే సంచిని చూసి చూసి, ఇప్పుడు అది నాలుగు రోజులు కనిపించకపోతే అంతా కులాసాయేనా అని అడుగుతున్నారు.

ఆ సంచిలో వచ్చేవి కూరగాయలు కావు. ఒక పెన్ డ్రైవు, దాని చుట్టూ మడిచిన కాగితం. అత్తగారు స్ట్రక్చరల్ ఇంజనీరు. ఏ భవనానికి ఎన్ని పిల్లర్లు కావాలి, బీము ఎంత లోతుండాలి, అందులో ఎంత ఇనుము వేయాలి అన్నది లెక్కగట్టి చెప్పడం ఆవిడ పని. ఇంట్లో ముందుగదే ఆవిడ ఆఫీసు. కోడలు ఆర్కిటెక్టు. నాలుగు వీధుల అవతల ఒక డిజైన్ ఆఫీసులో, అందరూ కంప్యూటర్లో తయారుచేసే భవనం మోడళ్లనూ ఒకచోట కలిపి సరిచూసే బాధ్యత ఆమెది. అత్తా కోడలూ కలిసి భవనాలు కడుతున్నారంటే విన్నవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. ఎవరి మీద జాలో మాత్రం చెప్పరు.

నిజానికి జాలిపడాల్సిందేమీ లేదు. ఇద్దరికీ బాగానే పొసగింది. ఈమెయిల్లో పంపమని కోడలు మొదట్లో చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది గానీ, అత్తగారు వినలేదు. ఒకసారి పంపిన ఫైలు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి చేరిందట. సంచి అయితే దారి తప్పదని ఆవిడ నమ్మకం. పెన్ డ్రైవు తీసుకుని కోడలు తాడును రెండుసార్లు లాగుతుంది, సంచి పైకి వెళ్లిపోతుంది. కోడలు ఇంట్లో లేకపోతే సంచిని కింద బాల్కనీలో దింపి, తాడు పైన ముడేసి ఊరుకుంటారు.

అత్తగారికి ఒక పట్టుదల ఉంది. పని పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించరు. వంటైనా అంతే. పొయ్యి మీద గిన్నె మూత ఎవరైనా తీయబోతే గరిటె పైకి లేస్తుంది. ఉప్పు ఆవిడే చూసుకుంటారు, కారం ఆవిడే చూసుకుంటారు, వడ్డించాకే మనం చూడాలి. ఆవిడ కొడుకు పళ్ల డాక్టరు. పొద్దస్తమానం అందరి నోళ్లూ తెరిపించే ఆ మనిషి, తల్లి వంటింట్లో మాత్రం నోరు తెరవడు.

ఇప్పుడు వాళ్లు చేస్తున్న భవనం పిల్లల గ్రంథాలయం. అత్తగారు నలభై ఏళ్లలో గోదాములు చేశారు, కార్లు నిలిపే షెడ్లు చేశారు, లెక్కలేనన్ని అపార్ట్‌మెంట్లు చేశారు. పిల్లల కోసం ఏదీ చేయలేదు. అందుకే ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఈ పని తనకు ఇప్పించమని కోడల్ని నోరు తెరిచి అడిగారు. మధ్యలో ఒక్క పిల్లరు కూడా లేని చదువుల హాలు కట్టిస్తానన్నారు. కోడలు వెళ్లి తన ఆఫీసు పెద్దాయనకు చెప్పి ఒప్పించింది. అంతవరకూ అంతా బాగానే ఉంది.

బాగాలేనిది ఒక తువ్వాలు. ఒక సోమవారం సాయంత్రం సంచి దిగినప్పుడు కింద ఇంట్లో ఎవరూ లేరు. తర్వాత వచ్చిన పళ్ల డాక్టరు స్నానం చేసి, తడి తువ్వాలు తెచ్చి, సరిగ్గా ఆ సంచి మీదే ఆరేశాడు. కోడలికి అది కనిపించింది శనివారం. మెట్ల పక్క బీము తొమ్మిది అంగుళాలు లోతు పెరిగిందని అందులో ఉంది. ఈ ఐదు రోజుల్లో నీళ్ల గొట్టాలూ, ఏసీ గాలి వెళ్లే డక్టులూ చూసే పైపులాయన, పాత బీము కొలతనే నమ్ముకుని తన మోడల్‌లో గొట్టాలన్నీ దాని కింద నుంచి వేసేశాడు. కొత్త మోడల్‌లో చూస్తే గొట్టాలు బీములోంచి దూసుకుపోతున్నాయి. వారం పని గంగపాలైంది.

మీటింగులో పెద్దాయన పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నారు. ఆయన బొమ్మ గీసి పన్నెండేళ్లయింది, పెన్సిల్ చెక్కడం మాత్రం మానలేదు. మీ అత్తగారి సంచి దిగితేనే మనకు తెల్లవారుతుందా అని అడిగారు. కోడలు ఆ క్షణంలో చెప్పాల్సింది. సంచి సోమవారమే దిగిందనీ, చూడనిది తనేననీ ఒక్క మాట. ఆమె తేలు కుట్టిన దొంగలా తలవంచుకుని కూర్చుంది. ఆలస్యం అత్తగారి ఖాతాలో పడిపోయింది, ఆ మాట ఎలాగో పైకి మూడో అంతస్తుకు కూడా చేరింది.

సంచులూ తాళ్లూ ఇక చాలన్నారు పెద్దాయన. వచ్చే నెల నుంచి అందరూ క్లౌడ్‌లోనే పనిచేయాలి. ఏ పద్ధతిలో అన్నది ఎంచుకునే పని కోడలి మీదే పెట్టారు. రెండు దారులున్నాయి. మొదటిది లైవ్. అందరి మోడళ్లూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకరు గోడ జరిపి సేవ్ చేస్తే, మరుక్షణం మిగతావాళ్ల తెర మీద కూడా ఆ గోడ జరుగుతుంది. రెండోది ప్యాకేజీ. ఎవరి మోడల్ వాళ్ల గదిలోనే ఉంటుంది. చూపించదగ్గదిగా ఉందనుకున్నప్పుడు ప్యాకేజీ కట్టి బయటపెడతారు, మిగతావాళ్లు విప్పి, ఏం మారిందో చూసుకుని తీసుకుంటారు.

కోడలు లైవ్ వైపే మొగ్గింది. బయటికి నాలుగు కారణాలు చెప్పింది గానీ, లోపల ఉన్న కారణం ఒక్కటే. లైవ్ అయితే ఎవరి పనీ ఎవరి తువ్వాలు కిందా ఐదు రోజులు దాగదు. ఆ తప్పు మళ్లీ జరగకపోతే, మొదటిసారి జరిగినట్టు ఎవరికీ చెప్పక్కర్లేదని ఆమె మనసు ఆమెకే ఒక చవక బేరం పెట్టింది.

ఒక వారం పరీక్షగా చూద్దామనుకున్నారు. కోడలు పైకి వెళ్లి అత్తగారి కంప్యూటర్లో అన్నీ సర్దిపెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించింది. ఆవిడ చక్కగా నేర్చుకున్నారు. యంత్రాలంటే ఆవిడకేమీ భయం లేదు. అంతా విన్నాక ఒక్కటే అడిగారు.

"నేను సగంలో ఉన్నప్పుడు కూడా అందరికీ కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది అత్తయ్యా. అదే కదా ఇందులో సుఖం."

అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, సరేనన్నారు. ఆవిడ అంత తేలిగ్గా సరే అనడం కోడలికి వింతగా తోచాల్సింది. సంతోషంలో తోచలేదు. ఈ గ్రంథాలయం కోసం ఆవిడ ఎంతకైనా దిగుతారన్న సంగతి అప్పుడామెకు అర్థం కాలేదు.

సోమవారం పొద్దున మోడల్ తెరవగానే చదువుల హాలు నడిమధ్యలో ఒక పిల్లరు నిలబడి ఉంది. లావుగా, గుండ్రంగా, దర్జాగా ఉంది. పిల్లరు లేని హాలు కట్టిస్తానన్న మనిషి పిల్లరు పెట్టారంటే ఇక కుదరలేదన్నమాటే అనుకుంది కోడలు. అత్తగారికి ఫోన్ చేసి అడగవచ్చు. అడిగితే ఆవిడ చిన్నబుచ్చుకుంటారేమోనని అడగలేదు. పైగా ఉన్నదాన్ని అందంగా మలచడమే కదా ఆర్కిటెక్టు పని అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ పిల్లరు చుట్టూ పిల్లలు ఆనుకుని చదువుకునేలా గుండ్రటి బల్ల గీసింది. బల్ల కింద పుస్తకాల అరలు పెట్టింది. పుస్తకాల బీరువాలన్నీ ఆ బల్ల వైపు తిప్పింది. గీస్తున్నకొద్దీ ఆమెకు అది మహా ముచ్చటగా తోచింది, బల్ల మీద కాళ్లూపుతూ కూర్చున్న ఇద్దరు పిల్లల బొమ్మలు కూడా పెట్టేసింది.

అటు పైపులాయనా అదే మోడల్ చూశాడు. ఆయన మంచివాడే గానీ, కాలు ఒకచోట నిలవని మనిషి. కనిపించిన క్షణమే పని మొదలుపెడతాడు. మొన్నటి దెబ్బతో ఈసారి అందరికంటే ముందుండాలనుకున్నాడో ఏమో, రెండు రోజులు కూర్చుని ఏసీ డక్టులన్నింటినీ ఆ పిల్లరు చుట్టూ తిప్పి వేశాడు.

బుధవారం మధ్యాహ్నం కోడలు తన గుండ్రటి బల్లను పెద్దాయనకు గోడ మీది పెద్ద తెరపై చూపిస్తోంది. ఆయనకూ నచ్చింది. పిల్లలు ఇక్కడ కూర్చుంటారు, ఇటు నుంచి వెలుతురు పడుతుంది అని ఆమె చెబుతూ ఉండగానే, తెర మీద పిల్లరు మాయమైంది. బల్ల మాత్రం ఉంది. కాళ్లూపుతున్న పిల్లలు ఖాళీని ఆనుకుని కూర్చున్నారు. పెద్దాయన పెన్సిల్ చెక్కడం ఆపారు.

"పిల్లరేదమ్మా?" అన్నారు.

కోడలు మౌసు పట్టుకుని తెరంతా వెతికింది. ఈలోగా పైపులాయన ఫోను. డక్టులు హాలు మధ్యదాకా బుద్ధిగా వచ్చి, అక్కడ ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకుని, మళ్లీ వెళ్లి వరసలో కలుస్తున్నాయి. ఎవరికి దారి ఇస్తున్నాయో తనకిప్పుడు అర్థం కావడం లేదని ఆయన వాపోయాడు. కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, రెండూ మింగింది.

పెద్దాయన కేకలేసే మనిషి కాదు. నెమ్మదిగానే చెప్పారు. సంచి అయితే ఆలస్యంగా వస్తుంది, లైవ్ అయితే పెట్టినవి మాయమవుతాయి, ఇలా అయితే భవనం లేవదు. శుక్రవారం నాటికి ఏ దారో తేల్చి చెప్పమన్నారు. మీ అత్తగారితోనా, ఆవిడ లేకుండానా అన్నది కూడా అప్పుడే చెప్పమన్నారు.

ఆ సాయంత్రం ఆమె తన ఇంటి తలుపు తెరవకుండానే నేరుగా మూడో అంతస్తుకు ఎక్కింది. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. కంప్యూటర్ ఆపేసి ఉంది. ముందు తెల్లకాగితం, చేతిలో పెన్సిలు, పక్కన అరిగిపోయిన రబ్బరు. పైపులాయన ఆవిడకూ ఫోన్ చేశాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఆ పిల్లరు నిజమని నీకెవరు చెప్పారమ్మాయ్?"

"మోడల్‌లో ఉంది కదా అత్తయ్యా."

"ఉంటే? బరువు ఎక్కడ దిగాలని చూస్తుందో అక్కడ ముందు ఒక పిల్లరు పెడతాను. దాని మీదికి ఎంత వస్తుందో తెలిశాక, అది లేకుండా ఎలా మోయించాలో ఆలోచిస్తాను. పెట్టి చూడకుండా తీసేయడం నాకు చేతకాదు. ఈ బిల్డింగులోనే ఇప్పటికి ఏడు పెట్టాను, ఏడూ తీసేశాను."

కోడలు నిలబడిపోయింది. ఆరేళ్లు, నాలుగు భవనాలు, ఇన్ని వందల సంచులు. ఆలోచన కోసం పిల్లర్లు నిలబెట్టే అలవాటు ఆవిడకు ఉందన్న సంగతే తనకు తెలియదు. సంచి దిగేసరికి అవన్నీ రబ్బరు కింద అరిగిపోయి ఉండేవి. పూర్తయిన వంటే తింది గానీ ఎలా వండుతారో ఎప్పుడూ చూడలేదు.

అత్తగారు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. తన మొదటి ఉద్యోగం సంగతి చెప్పారు. ఒక పొడవాటి హాలు, పదమూడు బల్లలు, పన్నెండుమంది మగవాళ్లు, తను. దారిన పోయే ప్రతివాడూ ఆవిడ కాగితంలోకి తొంగిచూసి, లెక్క ముగియకముందే తప్పు దిద్దేవాడట. దిద్దినదాంట్లో సగం తప్పు కానే కాదు, ఇంకా అక్కడిదాకా రాని లెక్క. అప్పటినుంచి ఆవిడ ఎడమ మోచేతిని కాగితానికి అడ్డం పెట్టుకుని రాయడం నేర్చుకున్నారు. చెబుతున్నప్పుడు కూడా ఆ చెయ్యి అలాగే బల్ల మీద అడ్డంగా ఉంది. ఇన్నేళ్లూ అది ఆవిడ కూర్చునే తీరే అనుకుంది కోడలు.

"ఈ మూడు రోజులూ ఎవరో నా భుజం మీంచి చూస్తున్నట్టే ఉంది," అన్నారు అత్తగారు. "వేరేవాళ్లను చూసుకోమని మీ సారుకి చెప్పు. నాకు కోపమేం లేదు. ముందే ఆలస్యం చేశానన్న పేరు కూడా ఉందాయె. ఏ రోజు ఆలస్యం చేశానా అని నా డైరీ మూడుసార్లు తిరగేశాను. దొరకలేదు. పెద్దదాన్నవుతున్నాను, మరిచిపోయి ఉంటాను."

ఆ మాట కోడలి గుండెలో గుచ్చుకుంది. ఎవరి మీదా అరవకుండా, తనమీద తనే అనుమానం పెట్టుకుని, ఈవిడ మూడుసార్లు డైరీ తిరగేశారు. కోడలు కాసేపు నీళ్లు నమిలింది. తర్వాత ఇక నమలడానికి ఏమీ మిగల్లేదు.

"ఆలస్యం మీది కాదు అత్తయ్యా. సంచి సోమవారమే దిగింది. ఐదు రోజులు మా బాల్కనీలోనే ఉంది, తువ్వాలు కింద. నేను చూడలేదు. చూశాక కూడా చెప్పలేదు."

అత్తగారు పెన్సిలు బల్ల మీద పెట్టారు. లేచి వంటింట్లోకి వెళ్లారు, పొయ్యి తగ్గించారు, తిరిగి వచ్చి కూర్చున్నారు. అక్షింతలు పడతాయని కోడలు ఎదురుచూసింది.

"మీ సారుకి తెలుసా?"

"రేపు చెబుతాను."

"చెప్పు," అన్నారు ఆవిడ. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మెట్లు దిగుతూ కోడలు అనుకుంది. కింద పళ్ల డాక్టరు అంతా విని, ఆ తువ్వాలు తనదే కనుక తనూ వచ్చి క్షమాపణ చెబుతానన్నాడు. తువ్వాలు తరఫున ఎవరూ రానక్కర్లేదని ఆమె అంది. ఇద్దరూ నవ్వారు, ఆ నవ్వుతో ఆమెకు కాస్త ఊపిరి ఆడింది.

మర్నాడు, శుక్రవారం దాకా ఆగకుండా, కోడలు పెద్దాయన గదిలోకి వెళ్లి ముందు సంచి సంగతి చెప్పింది. ఆయన విన్నారు. ఆ రోజే చెప్పాల్సిందన్నారు. ఔనంది. ఆయన దాన్ని అక్కడితో వదిలేశారు. అంత పెద్ద బండరాయిలా మోసిన విషయం ఇంత చిన్నదిగా ముగిసిపోవడం ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు దారి సంగతి చెప్పింది. లైవ్ వద్దు, ప్యాకేజీ. తమ ఆఫీసు లోపల నలుగురూ ఒకే గదిలో ఉన్నట్టు లైవ్‌గానే పనిచేసుకోవచ్చు, కానీ ఆఫీసుకీ ఇంజనీరుకీ పైపులాయనకీ మధ్య మాత్రం ప్యాకేజీయే నడవాలి. ఆలోచించుకోవడానికి ప్రతివాళ్లకీ తలుపు వేసుకునే గది ఒకటి ఉండాలంది. ఎవరు ప్యాకేజీ ఇంకా విప్పలేదో వాళ్ల పేరు అందరికీ ఎర్రగా కనిపిస్తుంది, కాబట్టి ఈసారి తన పేరు తువ్వాలు కింద దాక్కోదని కూడా అంది. పెద్దాయన పెదవి చివర నవ్వారు.

కానీ ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. మీ అత్తగారు ఆ తలుపు ఎప్పుడు తీస్తారని అడిగారు. పూర్తయితే గానీ చూపించని మనిషి, పూర్తయిందని ఎప్పటికి ఒప్పుకుంటారు? అందులో న్యాయం ఉందని కోడలికీ తెలుసు. ఆయన ఒక షరతు పెట్టారు. ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటికల్లా ప్యాకేజీ రావాలి. పని పూర్తయినా, కాకపోయినా రావాలి. ఏం మారిందో, ఏం ఇంకా తేలలేదో దాంతోపాటు రాయాలి. మొదటి మంగళవారమే రాకపోతే వేరే ఇంజనీరును పిలుస్తానన్నారు.

కోడలు ఆ షరతు మోసుకుని మళ్లీ మూడో అంతస్తు ఎక్కింది. అత్తగారు వంటింట్లో ఉన్నారు. అంతా విన్నారు.

"పూర్తి కాకపోయినానా?"

"కాకపోయినా అత్తయ్యా. తేలనిది తేలలేదని రాసి పంపాలి. మీ ఆలోచన పిల్లర్లు మీ గదిలోనే ఉంటాయి, అవి ఎవరికీ కనిపించవు. మీరు చూపించదలుచుకున్నదే బయటికి వస్తుంది."

అత్తగారు ఔననలేదు, కాదనలేదు. గిన్నె వైపు తిరిగారు. మూత కొద్దిగా పక్కకు జరిగి ఉంటే, అలవాటు ప్రకారం దాన్ని సరిగ్గా మూసేశారు. కోడలికి ఆ మూత చూస్తే ప్రాణం ఉసూరుమంది.

అడిగినంత మాత్రాన ఇచ్చే మనిషి కాదని ఆమెకు తెలుసు. అందుకని సోమవారం తనే ముందు ప్యాకేజీ పంపింది. పూర్తి కాలేదు. కింద ఇలా రాసింది: గుండ్రటి బల్ల తీసేశాను. దాని బదులు ఏం పెట్టాలో నాకింకా తెలియదు. బీరువాల వరస కూడా నాకు నచ్చడం లేదు. పంపే మీట నొక్కడానికి ముందు ఆమె వేలు గాల్లో కొంతసేపు ఆగింది. తనకే ఇంత కష్టంగా ఉంటే, నలభై ఏళ్లు మోచెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషికి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం నుంచి కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది. మూడు గంటలకు ఏమీ లేదు. మూడున్నరకు పెద్దాయన నీళ్లు తాగే నెపంతో ఆమె బల్ల పక్కనుంచి ఒకసారి వెళ్లారు. మూడూ నలభైకి మళ్లీ దాహం వేసింది ఆయనకు. అత్తగారికి ఫోన్ చేద్దామని ఆమె రెండుసార్లు చేతిలోకి తీసుకుని రెండుసార్లూ పెట్టేసింది. చేస్తే అది భుజం మీంచి తొంగిచూడడమే అవుతుంది.

మూడూ యాభై రెండుకు తెర మూలన చిన్న గుర్తు వెలిగింది. ప్యాకేజీ వచ్చింది. కింద అత్తగారి రాత, ఆవిడ మాట్లాడినట్టే పొడిపొడిగా ఉంది.

హాలులో పిల్లరు లేదు. రాదు. రెండు బీములు తేలాయి. మూడో బీము లోతు తేలలేదు. పందొమ్మిది అంగుళాలు చాలదని నాకు అనుమానం, ఇరవై ఎనిమిది కావాలేమో. అంత లోతైతే డక్టుకు అడ్డం వస్తుంది. ఏం చేయాలో నాకు తోచడం లేదు. చూడండి.

కోడలు ఆ చివరి రెండు మాటల దగ్గర ఆగిపోయింది. నాకు తోచడం లేదు అని ఆవిడ అనగా ఈ ఆరేళ్లలో వినలేదు. కళ్లు చెమర్చాయి, పక్క బల్లవాళ్లు చూడకుండా తుడుచుకుంది.

పైపులాయన పేరు ఎరుపు పోవడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. వెంటనే ఫోన్ చేశాడు. ఆ డక్టును హాలు మధ్యలోంచి కాకుండా కిటికీల వైపు గోడవెంట తీసుకుపోతే, బీము ముప్పై అంగుళాలున్నా తనకు ఇబ్బంది లేదట. మోడల్‌లో డక్టుల దారి ఇంకా ఖాయం చేయలేదు కనుక ఇప్పుడైతే గంట పనేనట. డక్టులు తిప్పడం తనకు బాగా అలవాటైందనీ, ఈసారి నిజంగా ఉన్నదాని కోసం తిప్పుతున్నందుకు హాయిగా ఉందనీ అన్నాడు. కోడలు గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకు పెద్దాయన గదిలోంచి వచ్చారు. అత్తగారి రాత నిలబడే రెండుసార్లు చదివారు.

"ఇంజనీరు కోసం వెతకడం ఆపేస్తున్నాను," అన్నారు. "ఇలా రాసేవాళ్లు దొరకరు."

కోడలు ఆ రోజు తొందరగా ఇంటికి వచ్చింది. ఎండ ఇంకా బాల్కనీ మీదే ఉంది. కుర్చీ వేసుకుని కూర్చుంది, కడుపులో చల్ల కదలకుండా, ఏ పనీ లేకుండా. ఇక సంచి అవసరం తీరిపోయిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి కొంచెం బెంగగా అనిపించింది. రెండో అంతస్తువాళ్లు ఏమైందని అడుగుతారు. వాళ్లకేం చెప్పాలో ఆలోచిస్తూ ఉండగా పైన తాడు కిర్రుమంది.

నీలం సంచి దిగింది. అందుకుంటే వెచ్చగా ఉంది. లోపల పెన్ డ్రైవు లేదు. మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా, ఒక చెంచా, మడిచిన కాగితం ఉన్నాయి. కాగితం మీద పెన్సిలుతో రాసి ఉంది: కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. ఉప్పు చూసి చెప్పు.

కోడలు ఆ కాగితాన్ని కుర్చీలో పెట్టింది. తర్వాత డబ్బా మూత తీసి, చెంచాడు నోట్లో వేసుకుంది. ముక్క ఇంకా పూర్తిగా ఉడకలేదు. ఉప్పు తక్కువైంది. బాగుందని రాసేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. లోపలికి వెళ్లి పెన్సిలు తెచ్చుకుంది. ఉప్పు కాస్త తక్కువైంది అత్తయ్యా అని అదే కాగితం వెనక రాసి, సంచిలో వేసి, తాడును రెండుసార్లు లాగింది.